అత్తగారి కనుబొమ్మకి మూడు జూమ్‌లు

కెమెరా పనితనం నేర్పే పాఠ్యపుస్తకాలన్నిటినీ వెంటనే వెనక్కి తీసుకుని, వాటి బదులు రోజూ సాయంత్రం మన చానళ్లలో వచ్చే సీరియళ్లనే సిలబస్‌గా పెట్టాలని సంబంధిత అధికారులకు మనవి చేసుకుంటున్నాను. ఆ పుస్తకాలు రాసినవాళ్లు మంచివాళ్లే అయ్యుండొచ్చు గానీ, పాపం వాళ్లకి అత్తగారంటే ఏంటో తెలీదు.

జూమ్ సంగతే చూడండి. దాన్ని పొదుపుగా వాడాలట. మనిషి కన్ను జూమ్ చేయలేదు కాబట్టి మాటిమాటికీ జూమ్ చేస్తే కథ పక్కకి పోయి కెమెరా ఉందన్న సంగతి తెలిసిపోతుందట. కథ ఉంటే కదండీ పక్కకి పోవడానికి! కోడలు వచ్చి "అత్తయ్యా, నేను ఉద్యోగం చేస్తాను" అంటుంది. అంతే, అత్తగారి మొహం మీదకి ఎదురుగా ఒకటి, కుడి నుంచి ఒకటి, ఎడమ నుంచి ఒకటి, మూడు జూమ్‌లు, ఒక్కోదానికి ఒక ధడ్. తర్వాత మామగారు, పెద్దకొడుకు, తోడికోడలు, ఆడపడుచు, పిన్నత్తగారు, కాఫీ ట్రే పట్టుకుని మధ్యలో ఇరుక్కుపోయిన పనమ్మాయి, చివరగా గోడ మీద దండ వేసి ఉన్న తాతగారు. తాతగారు కూడా కాస్త ఉలిక్కిపడినట్టే కనిపిస్తారు.

దీని వెనక గట్టి లెక్క ఉంది, నవ్వకండి. కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం సొంత ప్రోమోలతో కలిపి గంటకి 12 నిమిషాలకి మించి ప్రకటనలు వేయకూడదు. అంటే అరగంటలో ఎంత లేదన్నా 24 నిమిషాలు ఏదో ఒకటి చూపించి తీరాలి. టైటిల్ సాంగు, నిన్న ఏం జరిగింది, రేపు ఏం జరగబోతోంది తీసేశాక కూడా బోలెడు టైం మిగులుతుంది, రైటర్ దగ్గర ఉన్నది ఒకటిన్నర పేజీ. ఎనిమిది మొహాలు, తలా మూడు జూమ్‌లు, జూమ్‌కి నాలుగు సెకన్లు వేసుకోండి, 96 సెకన్లు. సెకనుకి 25 ఫ్రేముల చొప్పున 2400 ఫ్రేములు, ఒక్క డైలాగ్ రాయకుండా! ఇంత దిగుబడి ఇచ్చే టెక్నిక్ ఏ పుస్తకంలో ఉందో చూపించండి.

ఇద్దరు ఎదురెదురుగా మాట్లాడుకుంటుంటే వాళ్ల మధ్య ఒక గీత ఊహించుకుని కెమెరా దానికి ఒకే పక్కన ఉండాలనేది ఇంకో చాదస్తం. గీత దాటితే ఎవరు ఎవర్ని చూస్తున్నారో అర్థం కాదట. మనవాళ్లు ఈ సమస్యని మొదట్లోనే తుంచేశారు, అసలు ఎవరూ ఎవర్నీ చూడరు. విలన్ వదిన ముందు నిలబడి మనవైపు తిరిగి "ఈ ఆస్తి మొత్తం నాదే" అని పైకే అంటుంది, అడుగు దూరంలో వెనక నిలబడ్డ మరిది కూడా మనవైపే చూస్తూ ఏమీ వినపడనట్టు పూలకుండీ సర్దుతుంటాడు. ఇద్దరి మొహాలూ ఒకే ఫ్రేములో వచ్చేశాయి, ఒకరి భుజం మీదుగా ఇంకొకరి మొహాన్ని చూపించే సజెషన్ క్లోజులు తీసుకుంటూ లైట్లు మార్చే పని తప్పింది. మీరు దాన్ని చెవుడు అనుకున్నారు, ప్రొడ్యూసర్ దాన్ని పొదుపు అంటాడు.

లైట్ల గురించి అయితే మరీ పాఠాలు చెప్తారు. ఒక పక్క నుంచి కీ లైటు అనే అసలు లైటు, దాని నీడని కాస్త తగ్గించడానికి రెండో పక్క ఫిల్ లైటు, మనిషి గోడకి అతుక్కుపోకుండా విడిగా కనిపించడానికి వెనక నుంచి బ్యాక్ లైటు. నీడలోనే మొహానికి లోతు వస్తుందని వాళ్ల నమ్మకం. మన దగ్గర నీడ అంటే ఎవరో లైట్ బాయ్ నిద్రపోయాడని అర్థం. అమావాస్య, అర్ధరాత్రి, కరెంటు పోయింది, అయినా పట్టుచీర జరీ అంచు కూడా లెక్కపెట్టుకునేంత వెలుతురు. రోజుకో ఎపిసోడ్ లాగాల్సిన చోట షాటు షాటుకీ లైటు సర్దుతూ కూర్చుంటే ఆ కోడలికి ఉద్యోగం వచ్చేలోపు రిటైర్మెంట్ వస్తుంది. రాత్రి అని చెప్పడానికి కిటికీలో ఒక నీలం లైటు పెట్టారు, అంతకంటే ఏం కావాలి?

ఇక న్యూస్ స్టూడియో. పూర్వం దూరదర్శన్‌లో శాంతి స్వరూప్ గారు చదవాల్సింది కెమెరా ముందే చూపించే టెలిప్రాంప్టర్ లేని రోజుల్లో వార్తలు కంఠస్థం చేసుకుని మరీ చదివేవారు. కెమెరా కదిలేది కాదు, వెనకాల మంటలు లేవు, ఇంక చేసేదేం లేక జనం వార్తలు వినాల్సి వచ్చేది. ఆ దుర్భర పరిస్థితి నుంచి గ్రీన్ మ్యాట్, అంటే యాంకర్ వెనక కట్టి ఆ చోట కావలసిన బొమ్మ పెట్టుకునే ఆకుపచ్చ తెర, మనల్ని కాపాడింది. ఆకుపచ్చే ఎందుకంటే మనుషుల ఒంటి రంగులో అది ఉండదు, పైగా చాలా డిజిటల్ కెమెరాల సెన్సార్లలో ఎరుపు, నీలం కంటే ఆకుపచ్చని పట్టే గళ్లు రెట్టింపు ఉంటాయి కాబట్టి ఆ రంగుని శుభ్రంగా కోసి తీసేయొచ్చు. ఇంత శాస్త్రాన్ని మనం దేనికి వాడుతున్నామయ్యా అంటే, తుపాను వస్తే యాంకర్‌ని ఏసీ గదిలో మోకాలి లోతు బొమ్మ నీళ్లలో నిలబెట్టడానికి. ఆయన పాపం లెన్సు ముందు ఏటవాలుగా పెట్టిన ప్రాంప్టర్ అద్దంలో అక్షరాలు చదువుకుంటూనే అలలకి తట్టుకోవాలి. (చిలకాకుపచ్చ జాకెట్టు వేసుకొచ్చిన యాంకరమ్మ అయితే తుపాను నేరుగా కడుపులోంచే దూసుకుపోతుంది.)

తల పైన ఎంత ఖాళీ వదలాలి, ఫ్రేముని మూడు భాగాలు చేసి మనిషిని ఎక్కడ పెట్టాలి అని స్టూడెంట్లు సెమిస్టర్లకి సెమిస్టర్లు తలకాయలు బద్దలు కొట్టుకుంటారు. పైన బ్రేకింగ్, కింద రెండు వరసల స్క్రోలింగ్, పక్కన బంగారం షాపు ప్రకటన, మూలల్లో లోగో, టైము, మిగిలిన చోట ఎనిమిది కిటికీలు. ఆ కిటికీలో మాజీ ఎమ్మెల్యే గారి తల పట్టిందా, అదే కంపోజిషన్. ఏ కెమెరా బొమ్మ బయటికి వెళ్లాలో తేల్చే కంట్రోల్ రూమ్ (పీసీఆర్)లో కూర్చున్నాయనకి కూడా సులువు, ఎవరు గట్టిగా అరిస్తే ఆ బటన్ నొక్కడమే.

కానీ మొత్తం రంగంలో నాకు నిజంగా చేతులెత్తి మొక్కాలనిపించేది రియాలిటీ షోల్లో కెమెరామన్‌కే. పైన జిమ్మీ జిబ్ అనే పొడుగాటి క్రేన్ కెమెరా గద్దలా తిరుగుతుంటే, కింద ఇతను ఓడిపోయిన పిల్లాడి వాళ్లమ్మ మొహం మీద క్లోజప్ పెట్టి ఊపిరి బిగబట్టి నిలబడతాడు. ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకోబోతుంది, అతని చెవిలో కంట్రోల్ రూమ్ నుంచి టాక్‌బ్యాక్ మోగుతుంది: "వదలకు, వదలకు, ఎడమ కంట్లో ఇంకోటి వస్తోంది, స్లోమోషన్‌కి సరిపోవాలి. ఎవరన్నా ఆ చెయ్యి పట్టుకోండ్రా!"