బిడ్డకు ఎవరైనా వెయ్యి డాలర్ల వెల రాస్తారా?

ఈ వారంలో అదే మెసేజ్ నాలుగోసారి వచ్చింది. అమెరికాలో లూసియానా రాష్ట్రంలోని ఓక్ ఆలీ ఎస్టేట్ ఫొటో, కింద కథ. రోమన్ అనే దొర భార్య మీద ప్రేమతో మిసిసిపీ నది ఒడ్డున 28 ఓక్ చెట్లు నాటి, 28 స్తంభాల మేడ కట్టాడట. చెరకు తోటలో పనివాళ్లను సొంత బిడ్డల్లా చూసుకున్నాడట. బానిసత్వం రద్దయ్యాక ఆ కుటుంబం రోడ్డున పడిందట.

చెట్లు ఆయన నాటలేదు. 1837లో మేడ పని మొదలయ్యేసరికే అవి ఎదిగి ఉన్నాయి. స్తంభాల లెక్క నిజమే.

ఇక ‘సొంత బిడ్డలు’. అంట్వాన్ అని అక్కడ ఒక బానిస ఉండేవాడు, తోటమాలి. పీకన్ అనే, అక్రోటు లాంటి గింజల చెట్టుకు అంటు కట్టబోయి కుదరక, ఒక డాక్టర్ మేలైన చెట్టు కొమ్మలు తెచ్చి రోమన్‌కిచ్చాడు. 1846-47 చలికాలంలో అంట్వాన్ 16 చెట్లకు అంటు కట్టి బతికించాడు. మామిడికి అంటు కట్టినవాళ్లను అడగండి, కోత సరిగ్గా అతక్కపోతే కొమ్మ ఎండిపోతుంది. ఆ రకమే 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో మెప్పు పొంది ‘సెంటెన్నియల్’ (శతాబ్ది) అన్న పేరు తెచ్చుకుంది.

1848లో రోమన్ చనిపోయాక ఆస్తి జాబితా రాశారు. అందులో అంట్వాన్ ఉన్నాడు: వయసు 38, తోటమాలి, పీకన్ అంట్లు కట్టడంలో నేర్పరి, వెల 1,000 డాలర్లు. ఏ తండ్రైనా బిడ్డకు వెల కట్టించుకుంటాడా? ఇలాంటి మాట ఫార్వర్డ్ చేసేముందు ఒక్క నిమిషం ఆలోచించరా?

‘పనివాళ్లు’ అన్నదీ తప్పే. పనివాడు కూలి తీసుకుంటాడు, నచ్చకపోతే మానేస్తాడు. చెరకు ఆడే రోజుల్లో ఈ బానిసలు రాత్రింబవళ్లు పొయ్యిల దగ్గర నిలబడి, మరిగే రసాన్ని ఒక బానలోంచి ఇంకో బానలోకి తోడాలి. బెల్లం వండే చోట కాసేపు నిలబడ్డవాళ్లకు ఆ సెగ తెలుసు. కునుకు పడితే చెయ్యి కాలిపోతుంది.

కుటుంబం చితికిపోయిన మాట నిజం. ఒక్కటి ఒప్పుకుంటాను, రోమన్ భార్య సెలీనా మీద నాకు జాలి ఉంది. భర్త క్షయతో పోయాడు, పిల్లలు చిన్నవాళ్లు, తోట నడపడం ఆమెకు తెలియదు. అమెరికా అంతర్యుద్ధమూ దెబ్బ తీసింది. కానీ అప్పులు యుద్ధానికి ముందే పెరిగాయి, 1866లో ఎస్టేట్ వేలానికి వచ్చింది. ఆ అప్పులు బానిసలు చేసినవి కావు.

ఇప్పుడక్కడ మళ్లీ కట్టిన బానిసల గుడిసెలున్నాయి. ఒక గోడ నిండా వాళ్ల పేర్లు. ఫొటో పంపాలనిపిస్తే ఆ గోడది పంపండి. చాలామందికి ఇంటిపేరు కూడా లేదు.