చిమ్నీలో పొడి పెడితే పెట్రోల్ రాదు బావా

వారం రోజులుగా మహారాష్ట్రలోని మా బల్లార్షా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ఫార్వర్డ్. "శాస్త్రవేత్తలు ఒక పొడి కనిపెట్టారు. చంద్రపూర్ థర్మల్ చిమ్నీలో పెడితే పొగంతా పెట్రోల్ అయిపోతుంది. కరెంటు అక్కర్లేదు. లీటరు 20 రూపాయలే. పొల్యూషన్ మాయం. చమురు కంపెనీలు దీన్ని దాచేస్తున్నాయి." మా గ్రూపులో పెట్టింది స్వయానా మా బావ. కింద వరసగా దండాలు.

పొడి అబద్ధం కాదు. దాన్ని ఉత్ప్రేరకం అంటారు, అంటే రసాయన చర్యను తొందరగా జరిపించేది. 2017లో చైనాలోని దాలియన్ శాస్త్రవేత్తలు ఐరన్ ఆక్సైడ్‌కు కాస్త సోడియం చేర్చి, జియోలైట్ అనే సన్నటి రంధ్రాల ఖనిజంతో జతకలిపి, కార్బన్ డయాక్సైడ్ నుంచి నేరుగా పెట్రోల్ రకం హైడ్రోకార్బన్లు (కార్బన్, హైడ్రోజన్ కలిసిన పదార్థాలు) రప్పించారు. తయారైన హైడ్రోకార్బన్లలో 78 శాతం దాకా అవే. మంచి ఫలితమే. కానీ లోపలికి పంపిన కార్బన్ డయాక్సైడ్‌లో మారింది 22 శాతం. అదీ 320 డిగ్రీల వేడిలో, మామూలు గాలికి 30 రెట్ల ఒత్తిడిలో, పక్కన హైడ్రోజన్ పెట్టుకుని. మన చిమ్నీలో ఈ మూడూ లేవు. అక్కడ పైకి పోయేదాంట్లో ఎక్కువ భాగం నైట్రోజన్. కార్బన్ డయాక్సైడ్ ఏడెనిమిదో వంతు ఉంటుందేమో. పైగా బొగ్గులోని గంధకం ఇలాంటి పొడులకు విషం. ముందు పొగను కడగాలి, వాయువును వేరు చేయాలి. ఆ ఖర్చు వేరే.

ఇక "కరెంటు అక్కర్లేదు" అన్న మాట. అసలు మోసం ఇక్కడుంది. కార్బన్ డయాక్సైడ్ అంటే బొగ్గు తన శక్తినంతా ఇచ్చేశాక మిగిలింది. ఒకరకంగా బూడిదే, కాకపోతే కంటికి కనపడదు. దాన్ని మళ్లీ ఇంధనం చేయాలంటే పోయిన శక్తిని ఎవరో తెచ్చి పోయాలి. ఉత్ప్రేరకం పెళ్లిళ్ల పేరయ్య లాంటిది. సంబంధం తొందరగా కుదురుస్తుంది కానీ పెళ్లి ఖర్చు పెట్టదు. ఇక్కడ ఆ ఖర్చు భరించేది హైడ్రోజన్.

లెక్క వేద్దాం. లీటరు పెట్రోల్ దాదాపు 750 గ్రాములు. అంత తయారు కావాలంటే తక్కువలో తక్కువ 320 గ్రాముల హైడ్రోజన్ కావాలి. నీటిని విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్ల పైనే కరెంటు పడుతుంది. అంటే లీటరుకు 16 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలనుకున్నా ఒక్క హైడ్రోజన్‌కే 96 రూపాయలు. 20 రూపాయల ముచ్చట అక్కడితో సరి.

ఆ కరెంటు మన థర్మల్ ప్లాంటుదే అయితే ఇంకా తమాషా. బొగ్గు కరెంటు యూనిట్‌కు సుమారు కిలో కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరు పెట్రోల్‌లోకి మనం పట్టి పెట్టేది 2.3 కిలోలు, అందుకోసం గాల్లోకి వదిలేది 16 కిలోలు! ఆ 2.3 కిలోలైనా బండి నడిపిన రోజు సైలెన్సర్‌లోంచి బయటికొచ్చేస్తాయి.

"పొల్యూషన్ మాయం" అట. మేడ మీద ఆరేసిన బట్టల మీద పడే నల్ల దుమ్ము కార్బన్ డయాక్సైడ్ కాదు కదా. ఉన్న కార్బన్ డయాక్సైడ్ అంతా పెట్రోల్ అయిపోయినా ఆ దుమ్ము ఆగదు. దాని సంగతి చూడాల్సింది ఫిల్టర్లు.

దాచేస్తున్నారన్నదానికి జవాబు చిన్నదే. నికెల్‌తో కార్బన్ డయాక్సైడ్‌ను మీథేన్‌గా మార్చే చర్యకు పేరే సబాత్యే చర్య. ఆ పాల్ సబాత్యేకు 1912లోనే నోబెల్ వచ్చింది. ఐస్‌లాండ్‌లో 2012 నాటికే కార్బన్ డయాక్సైడ్‌తో మిథనాల్ అనే ఒక రకం ఆల్కహాల్ ఇంధనం చేసే ప్లాంటు మొదలైంది. మన ఎన్‌టీపీసీ కూడా వింధ్యాచల్‌లో అలాంటిదే కట్టింది. దాలియన్ పేపర్ ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. ఇదేం దాచడమో నాకు అర్థం కాలేదు.

ఇదంతా గ్రూపులో రాశాక బావ ఫోన్ చేశాడు. "అయితే ఆ పొడి దేనికీ పనికిరాదంటావా?" అన్నాడు. పనికొస్తుంది బావా. గాలి కరెంటు, ఎండ కరెంటు చవగ్గా దొరికే చోట, బ్యాటరీతో నడవని పెద్ద విమానాలకు, ఓడలకు. చిలీలో గాలిమరల కరెంటుతో కృత్రిమ పెట్రోల్ చేసే ఒక చిన్న ప్లాంటు 2022లో మొదలైంది కూడా. నీ స్ప్లెండర్‌కు మాత్రం బంకు క్యూ తప్పదు.