బ్లీడింగ్ గారికి, ఒక చీర తరఫున

మహారాజశ్రీ ‘బ్లీడింగ్’ అనే ఇంగ్లీషు మాట గారి దివ్యసముఖానికి,

నమస్కారం. ఎక్కడికి వెళ్లినా మీరే ఎదురవుతున్నారు కాబట్టి మీ యోగక్షేమాలు అడగను. ఇక్కడ నా చీర మాత్రం క్షేమంగా లేదు.

మీగడ రంగు నూలు చీర, మిరపపండు రంగు అంచు. 2,850 రూపాయలు. కొనేటప్పుడు ‘రంగుకి నాది పూచీ’ అని కౌంటర్ దగ్గరి కుర్రాడు గుండె మీద చెయ్యేసుకుని మరీ చెప్పాడు. ఒక్కసారి కట్టాను. మొన్న శనివారం దాన్ని విడిగా, చల్లనీళ్లలో, గుప్పెడు రాళ్లుప్పు వేసి నానబెట్టాను. పావుగంట తర్వాత చూస్తే బకెట్లో నీళ్లు ఆవకాయ జాడీ కడిగినట్టు ఉన్నాయి. తీసి పరిస్తే అంచు నుంచి జానెడు మేర ఎర్రటి చారలు మీగడలోకి పాకి ఉన్నాయి. పమిట మీద అరచెయ్యంత మచ్చ, చూడటానికి అచ్చం శ్రీలంక పటంలా.

తడి ఆరాక కవర్లో పెట్టుకుని మధ్యాహ్నం రెండింటికి కొట్టుకి వెళ్లాను. ఓనరు గారు భోజనానికి వెళ్లారన్నారు. ఆయన ఏ ఊళ్లో భోంచేశారో గానీ వచ్చేసరికి ఐదుంపావు అయింది. అంతసేపూ ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, చెంగు ఎలా పడుతుందో అద్దంలో చూసుకుని మురిసిపోతున్న ఆడవాళ్లను చూస్తూ గడిపాను. ‘కొనకండి’ అని నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను.

‘చీర రంగు పోయిందండీ’ అన్నాను. ఆయన అంచు వేళ్ల మధ్య నలిపి, వెలుతురుకి ఎత్తి చూసి, నాడి పట్టిన వైద్యుడిలా తల పంకించి, ‘రంగు పోవడం కాదమ్మా ఇది, బ్లీడింగ్’ అన్నారు.

అదీ సంగతి. రంగు పోయిందంటే ఎవరో ఒకరు రంగు సరిగ్గా వెయ్యలేదని అర్థం. వెయ్యనివాడు ఒకడుంటాడు, వాణ్ణి నిలదీయొచ్చు. మరి బ్లీడింగ్ అంటే? పాపం చీరకేదో దెబ్బ తగిలింది, కారుతోంది, ఎవరు మాత్రం ఏం చేస్తారు! డబ్బులు వెనక్కి అడగడానికి వెళ్లినదాన్ని కాస్తా పేషెంటును తీసుకొచ్చిన బంధువునైపోయాను.

‘ఉప్పు వేశారా?’

‘వేశానండీ.’

‘రాళ్లుప్పేనా?’

‘రాళ్లుప్పే.’

‘అయితే ఎక్కువైపోయి ఉంటుంది.’

ఆఖర్న ఒక మాట అన్నారు, ఇప్పటికీ మింగుడుపడటం లేదు. ‘అయినా అమ్మా, బ్లీడింగ్ అయితేనే ఒరిజినల్ హ్యాండ్లూమ్.’

మా అమ్మ పెళ్లినాటి వెంకటగిరి చీర ఇంకా బీరువాలో ఉంది. నలభై ఏళ్లుగా ఉతుకుతున్నా దాని అంచు గీత దాటలేదు. అది ఒరిజినల్ కాదన్నమాట! నూలుకి రంగు వేశాక వేడి సబ్బునీళ్లలో ఉడికించి, పట్టుకోని రంగంతా వదిలేదాకా జాడించాలి. ఆ పని ఎగ్గొట్టినవాడి బద్ధకానికి చేనేత అని పేరు పెడితే ఎలా? మగ్గం గుంటలో కాళ్లు పెట్టి నేసినవాడేం పాపం చేశాడు?

రాత్రి కోపంతో నిద్రపట్టక మీ పూర్వాపరాలు తవ్వాను. ఓనరు గారి డైలాగు ఆయన సొంతం కాదట. 1958 ప్రాంతంలో కెప్టెన్ సి.పి. కృష్ణన్ నాయర్, ఆ తర్వాత లీలా హోటళ్లు పెట్టినాయన, మద్రాసు గళ్ల గుడ్డను గజం డాలరు లెక్కన ఒక అమెరికా వ్యాపారికి అమ్మారు. చల్లనీళ్లలో జాగ్రత్తగా ఉతకాలని చెప్పే పంపారు. ఆ ముక్క కట్టుకునేవాళ్లదాకా చేరలేదు. మెషీన్లో పడ్డ చొక్కాలన్నీ రంగు కక్కాయి, గొడవ లాయర్లదాకా పోయింది. అప్పుడు ఎవరి బుర్రకో తట్టింది: దాన్నే గొప్పగా చెప్పుకుంటే పోలా? ‘బ్లీడింగ్ మద్రాస్, రంగు దిగడం గ్యారంటీ’ అని ప్రకటనలు వేస్తే జనం ఎగబడి కొన్నారు. పోనీ, వాళ్లు దిగుతుందని చెప్పి అమ్మారు. నాకు దిగదని చెప్పి అమ్మి, దిగాక దిగాలి కదా అంటున్నారు!

మీ వంశంలోనే ఉందిది. 1799 డిసెంబర్లో జార్జ్ వాషింగ్టన్ గొంతు వాచి మంచాన పడితే, ఒక్కరోజులో నాలుగు సార్లు నెత్తురు తీసి మరీ సాగనంపారు. దాని పేరూ మీ పేరే. అప్పుడు మీరు వైద్యం.

ఇంకా చాలామందిని కాపాడుతున్నారు మీరు. సిమెంటులో నీళ్లు ఎడాపెడా పోసి, స్లాబ్ మీద తేలిన నీళ్లు చూపించి ‘బ్లీడింగ్ సార్’ అంటాడు కాంట్రాక్టరు. గృహప్రవేశం కార్డులో వినాయకుడి కిరీటం సగానికి తెగితే ‘కోతకి పోయే అంచు, 3 మిల్లీమీటర్లు బ్లీడింగ్, మీరు ఇవ్వలేదండీ’ అంటాడు ప్రెస్సువాడు. నేనివ్వాలా? నేనేమైనా రక్తదాన శిబిరం పెట్టానా? బ్రేకుల్లో గాలి తీసినందుకు మెకానిక్ బిల్లులోనూ మీరొక లైను. ఇక బండబూతు తిట్టడానికి మొహమాటపడే ఇంగ్లీషువాడు మాట మాటకీ మిమ్మల్నే తగిలిస్తాడట. ఇవాళ వాడి బాధ నాకు అర్థమైంది.

ఛీ, నీకు ‘మీరు’ ఏమిటి! నీ వల్ల ఈ దేశంలో ఎవడూ దేనికీ పూచీ పడట్లేదు తెలుసా?

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. మా అమ్మ చదివింది ఆరో తరగతి. నలభై ఆరేళ్లప్పుడు ఇరవై రోజులు ఆగకుండా పోయింది ఆవిడకి. ‘బయట ఉన్నాను’ అంటే నాలుగు రోజులకే సరిపోయే మాట అది, ఇరవయ్యో రోజున ఏమని చెప్పాలి? నాన్నకీ చెప్పలేదు. చివరికి నేను తీసుకెళితే అక్కడున్నది మగ డాక్టరు. నేను నీళ్లు నములుతుంటే అమ్మే తలెత్తి, ‘బ్లీడింగ్ ఆగట్లేదు డాక్టరు గారూ’ అంది. గొంతు తగ్గించలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు. ఆ మాట ఆవిడ ఎక్కడ నేర్చుకుందో ఇప్పటికీ తెలియదు.

అందుకు నీకో దణ్ణం. ఆస్పత్రిలో ఉండు, ఎంతకాలమైనా ఉండు. చీరల కొట్లో నీకేం పని?

ఇట్లు,
శ్రీలంక పటం పమిట గల ఒక కస్టమర్

తా.క. ఓనరు గారి సలహా ప్రకారం వెనిగర్ వేసి ఇంకోసారి నానబెట్టాను. మీగడ రంగు పూర్తిగా పోయి చీరంతా ఒకే గులాబీ రంగుకి వచ్చింది. దండెం మీద చూసి పక్కింటావిడ ‘ఎంత బాగుందో, ఎక్కడ కొన్నారు?’ అంది. కొట్టు పేరు చెప్పేశాను.