ముంపు సర్వేకు నీళ్లు కావలెను

సముద్రం పొడే తగలని ఉమ్మడి కర్నూలు జిల్లాకు నీటి అడుగు పురావస్తు సర్వే ఏమిటని కొందరు సణుగుతున్నారు. వాళ్లకు మన ఘనత తెలియదు. మునిగిన ద్వారక జాడ కోసం పురావస్తు శాస్త్రవేత్త ఎస్.ఆర్. రావు బృందం 1980లలో వీపున గాలి సిలిండర్లు కట్టుకుని సముద్రంలో మునిగింది. మనకా శ్రమ లేదు. శ్రీశైలం ముంపులో పోయిన సంగమేశ్వరం గుడి ఎండాకాలంలో తనంతట తానే పైకొస్తుంది. జలాశయం నిండితే నీటిమట్టం 885 అడుగులు; 840 కిందికి జారిందంటే వేపచెక్క లింగందాకా నడిచివెళ్లి దణ్ణం పెట్టుకోవచ్చు.

ఈ తవ్వకాలను నిర్వహిస్తున్నది శ్రీశైలం డ్యాం రెండు గట్ల కరెంటు కేంద్రాలు. ఎడమగట్టున తెలంగాణ ఒక టర్బైను తిప్పితే కుడిగట్టున ఆంధ్ర పంతానికి ఇంకోటి తిప్పుతుంది. ముందు తిప్పిందెవరన్న పంచాయితీ తెమిలేలోపు నీళ్లు దిగిపోయి శిఖరం, ఆ వెనకే ప్రాకారం బయటపడతాయి. రాయలసీమ కాలువకు ఈ నీళ్లు వదిలే పోతిరెడ్డిపాడు తూము గడప 841 అడుగులు. అంటే స్వామి పూర్తిగా బయటికొచ్చే వేళకు సీమ కాలువలో చుక్క పారదు. చరిత్ర కోసం ఆమాత్రం త్యాగం చేయలేమా?

ఇక మా పరిశోధన పడవ. వలంటీర్లం చందాలేసుకుని కొన్నాం. వలంటీర్లు వచ్చారనగానే పింఛను కోసం అవ్వలు బారులు తీరారు, అది వేరే గొడవ. సముద్రం మీది పడవలకు ఉప్పు శత్రువు, మా పడవకు ఎండ. ఇంజను చల్లబడాలంటే ఏటి నీళ్లే పీల్చుకోవాలి. ఒండ్రునీళ్లు పీలిస్తే పంపులోని రబ్బరు రెక్కలు అరిగిపోతాయి, పీల్చకపోతే ఇంజనే మాడిపోతుంది. ప్రస్తుతం రెండూ కాకుండా బురదలో ఒరిగి ఉంది. పుట్టి నడిపే పెద్దాయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, "తారు పూస్తే అయిపోయేదానికి మెకానిక్కు ఎందుకు సామీ?" అని, తన పుట్టిని బోర్లించి నెత్తిన పెట్టుకుని బురద దాటిపోయాడు. ఆయన్ను సాంకేతిక సలహాదారుగా తీసుకునే ప్రతిపాదన పరిశీలనలో ఉంది.

అంతర్జాతీయ గుర్తింపుకూ తొందర లేదు. నీటి అడుగు వారసత్వంపై 2001 నాటి యునెస్కో ఒడంబడిక ప్రకారం ఏ కట్టడమైనా, అప్పుడప్పుడూ మునిగేదైనా సరే, కనీసం వందేళ్లు నీటి కింద గడపాలి. మన గుడికి ఇంకా అరవై ఏళ్లదాకా సర్వీసు తక్కువ. పైగా మన దేశం అందులో చేరనే లేదు. దొరికినదాన్ని ఉన్నచోటే కాపాడాలన్నది అందులో ముఖ్యమైన నియమం. దాన్ని కృష్ణమ్మ ఎప్పుడో అమలు చేసింది. 308 టీఎంసీల జలాశయం 215కి కుదించుకుపోయిందంటే ఆ తేడా అంతా ఒండ్రే. అంత పకడ్బందీగా పూడ్చిపెట్టి కాపాడే మ్యూజియం ఎక్కడుంది? ముంపు తప్పించడానికి రాయి రాయి విప్పి కర్నూలు దగ్గరి జగన్నాథగట్టు గుట్ట ఎక్కించిన ఇంకో గుడి దేవుడు రూపాల సంగమేశ్వరుణ్ణి మాత్రం నీటి అడుగు జాబితాలో ఎలా ఇరికించాలో తెలియక ఫైలు ఆగింది.

మేం కోరేదల్లా నీటిమట్టాన్ని ఏడాది పొడవునా 841 దగ్గర బిగించమని. దేవుడు కొంచెం తడుస్తాడు, కాలువ కొంచెం తడుస్తుంది, పడవ తేలినా తేలవచ్చు. వినతిపత్రం సిద్ధంగా ఉంది. ఏ గట్టున ఇవ్వాలన్నదే మా కమిటీలో రెండు వర్గాల మధ్య తేలడం లేదు.