హవానాలో బావగారి తాళం

మృదంగం వచ్చినవాడికి ఇంకే డోలూ లెక్కలోకి రాదని మా బావగారి నమ్మకం. చిన్నప్పుడు శ్రీరామనవమి పందిళ్లలో వాయించారు, ఇప్పుడు టొరంటోలో కారు స్టీరింగ్ మీద వాయిస్తున్నారు. సెలవులకు హవానా వెళ్దామన్నప్పుడు అక్క బీచ్ అంటుంటే, ఆయన గప్‌చుప్‌గా కాంగా క్లాసు బుక్ చేశారు. కాంగా అంటే క్యూబా వాళ్లు చేతులతో వాయించే పొడుగాటి డోలు. క్యూబా వాళ్ల ఆటాపాటా డోలూ కలిసిన రుంబాను 2016లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారనీ, బానిసలుగా వచ్చిన ఆఫ్రికన్ల సంతతి ఒకప్పుడు రేవుల్లో దిగిన ఉప్పుచేపల పెట్టెల మీద కూడా దాన్ని వాయించారనీ విమానంలో దారిపొడుగునా చెప్పారు. పక్క సీటాయన దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు.

క్లాసు సెంట్రో హవానాలో ఒక పాత మేడ వాకిట్లో. మన మండువా లోగిలిని మూడంతస్తులు పైకి సాగదీస్తే అలా ఉంటుంది. చుట్టూ వసారాలు, ఆరేసిన బట్టలు, ప్రతి తలుపు దగ్గరా ఒక శ్రోత. బావగారి చూపు నేరుగా కింతో అనే డోలు మీద పడింది. మూడు కాంగాల్లో అదే చిన్నది, స్వరం పెద్దది. మిగతా రెండూ నడక పట్టుకుని ఉంటే ఇది నాట్యం చేసేవాళ్లతో కబుర్లాడుతుంది. అంటే కచేరీలో డోలు ఒంటరిగా విజృంభించే తనియావర్తనం తనదే అని ఖాయం చేసుకున్నారు. ఉంగరం తీసి అక్కకిచ్చి, వేళ్లు విరుచుకుని కూర్చోబోతుంటే మాస్టారు ఆపి, చేతిలో రెండు కర్రముక్కలు పెట్టారు.

క్లావే అంటారు వాటిని. ఒకదాన్ని దొప్పలా వంచిన అరచేతిపై వదులుగా ఆనించి, రెండోదానితో కొడితే ఖణేల్మంటుంది. బావగారు బిగించి పట్టుకున్నారు. టక్కుమని ఊరుకుంది.

కొట్టాల్సింది ఐదే దెబ్బలు. ముందు సగంలో మూడు, వెనక సగంలో రెండు. రుంబాలో ఆ మూడోది రవ్వంత ఆలస్యంగా పడాలి. వెనక సగం మొదలయ్యే చోట అసలు దెబ్బే ఉండదు. సమం, అంటే తాళం ఆవర్తం మొదలయ్యే దెబ్బ, దానికోసం ప్రాణమిచ్చే మనిషికి అక్కడ చెయ్యి ఊరుకుంటుందా? ప్రతి ఆవర్తంలోనూ ఆ ఖాళీలో ఆరో దెబ్బ పడేది. ఆలస్యంగా రావాల్సిన మూడోదాన్నేమో దయతలచి ముందుకు జరిపేవారు. డోళ్లన్నీ ఆ కర్రముక్కల్నే నమ్ముకుని నడుస్తాయి కాబట్టి కాసేపట్లో మేళం మొత్తం కకావికలైంది. మాస్టారు పెట్టె మీద కొట్టి చూపించారు. బావగారు బుద్ధిగా తలూపి, కాలి బొటనవేలితో ఆదితాళం వేసుకుంటూ మళ్లీ ఆరు కొట్టారు.

ఈలోపు పైన బట్టలారేస్తున్న ముసలమ్మ లోపలికెళ్లి గరిటె తెచ్చి కటకటాల మీద మొదలెట్టింది. మూడు, రెండు. వాకిట్లో బంతాడుతున్న పిల్లాడు ఆట ఆపి చప్పట్లతో అందుకున్నాడు. రొట్టెలమ్మే ఆయన గుమ్మంలోనే నిలబడిపోయి, ఆరో దెబ్బ పడ్డప్పుడల్లా కళ్లు గట్టిగా మూసుకుంటున్నాడు. మేడంతా ఒక లెక్క, మా బావగారు ఒక లెక్క.

"వీళ్లెవరికీ సమం తెలీదురా," అన్నారు నాతో, చెమట తుడుచుకుంటూ.

మాస్టారు ఏమీ అనలేదు. కర్రలు మెల్లగా తీసుకుని, మూల కుర్చీలో ఫోన్ చూసుకుంటున్న అక్కకిచ్చారు. మా అక్కకు సంగీతంతో ఉన్న సంబంధమల్లా సీరియళ్ల టైటిల్ పాటలు. ముసలమ్మ గరిటె వంక చూస్తూ, ఆవిడెలా కొడితే అలా కొట్టింది. మూడు, రెండు. మూడోది ఆలస్యంగానే పడింది. ఖాళీ ఖాళీగానే ఉంది. కాంగాలు అందుకున్నాయి, పిల్లాడు గెంతులేశాడు, రొట్టెలాయన బుట్ట దించి పాటకు వంత పాడాడు.

బావగారు కాసేపు భరించారు. తర్వాత అక్క చెవి దగ్గర వంగి అడిగారు: "ఇంతకీ సమం ఎక్కడుందో తెలుసా నీకు?"

"ఎక్కడో ఉండే ఉంటుంది, పోనిద్దురూ. నన్ను మాట్లాడించకండి, తప్పిపోతుంది."