462 ల్యాపుల ‘బోరు’ రేసును వెనకేసుకొస్తూ

500 ల్యాపుల రేసు. అందులో 462 ల్యాపులు ఒకే కారు ముందుంది. 2024 సెప్టెంబరు 21 రాత్రి అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో, బ్రిస్టల్ ట్రాకు మీద కైల్ లార్సన్ చేసిన పని ఇది. రెండో స్థానంలో వచ్చిన చేజ్ ఎలియట్‌కూ అతనికీ మధ్య తేడా ఏడు సెకన్ల పైచిలుకు. పదిహేను, పదహారు సెకన్లలో ఒక చుట్టు పూర్తయ్యే చోట ఏడు సెకన్లంటే దాదాపు అర ల్యాపు. రేసు ముగిసిందో లేదో తీర్పు వచ్చేసింది. బోరు. అమెరికాలో జరిగే నాస్కార్ కారు రేసుల అభిమానులకు వారం వారం ఇదే పని: ఇంజన్ల వేడి చల్లారకముందే రేసు బాగుందా, బాగాలేదా అని ఓట్లు వేస్తారు. శాతాలు తేలుతాయి. ఆ శాతమే ఆ రేసుకు శాశ్వతంగా అంటుకుంటుంది.

నాకు తెలిసిన తమ్ముడొకడు షార్లట్‌లో ఉంటాడు. ఆ ఊరి చుట్టుపక్కలే నాస్కార్ టీములు చాలావరకు ఉంటాయి. లార్సన్ కారు నడిపేది హెండ్రిక్ టీంకు, అది ఉండేది పక్కనున్న కాన్‌కార్డ్‌లో. మర్నాడు ఫోన్ చేసి, “అన్నా, వంద ల్యాపులకే నిద్రొచ్చేసింది. అసలు ఒక్కడైనా అతన్ని దాటాడా?” అన్నాడు. “నువ్వు నిద్రపోతే రేసుదా తప్పు?” అన్నాను. నవ్వాడు గానీ ఒప్పుకోలేదు. సరే, కాస్త వివరంగానే చెబుతాను.

బ్రిస్టల్ ట్రాకు చుట్టుకొలత దాదాపు 858 మీటర్లు. చుట్టూ లోయ అంచుల్లా లేచిన స్టాండ్లు, అడుగున కాంక్రీటు. అంత చిన్న గిన్నెలో ముప్పై ఏడు కార్లు తిరుగుతుంటాయి. ఇక్కడ మొదటి స్థానంలో ఉన్నవాడికి ఖాళీ రోడ్డు ఎక్కువసేపు దొరకదు. కొన్ని పదుల ల్యాపులు తిరిగేసరికి ఆఖరి కారు తోక కనిపిస్తుంది. ఇక అక్కడి నుంచి రేసంతా, తనకంటే నెమ్మదిగా పోయే కార్లను దాటుకుంటూ పోవడమే. వాళ్ళు వాళ్ళ స్థానాల కోసం కొట్టుకుంటుంటారు, దారివ్వాలన్న తొందర వాళ్ళకేం ఉండదు. లోపలి నుంచి దూరాలా, గోడ పక్క నుంచి పోవాలా? పైనుంచి ట్రాకును చూస్తూ దారి చెప్పే స్పాటర్ రేడియోలో ఒక మాట చెబుతాడు, ముందున్న కారు రేపే గాలికి తన కారు ముందు చక్రాలు పట్టు తప్పుతుంటాయి, నిర్ణయానికి సెకను కూడా ఉండదు. ఒకసారి తప్పు లెక్క వేస్తే గోడ. ఆ లెక్క రేసంతా తప్పలేదతనికి.

ఇంకో సంగతి. 2017 నుంచి నాస్కార్ రేసులను స్టేజీలుగా విడగొట్టారు. స్టేజీ అయిపోగానే పసుపు జెండా ఊపుతారు, కార్లన్నీ మళ్ళీ ఒకదాని వెనక ఒకటి చేరతాయి. అంటే, కష్టపడి కూడబెట్టుకున్న దూరం మొత్తం సున్నా. రేసు చప్పబడకుండా ఉండటానికే ఈ ఏర్పాటు. లార్సన్ ఆ రాత్రి రెండు స్టేజీలూ గెలిచాడు. సంపాదించిన దూరాన్ని ప్రతిసారీ లాక్కున్నారు, ప్రతిసారీ మొదటి నుంచి సంపాదించాడు. దాన్ని ఒకటే పాట పదిసార్లు విన్నట్టుందని అనేవాళ్ళకు నేను చెప్పేదొకటే: ఒంగోలు వైపు బండలాగుడు పోటీలకు ఒకసారి పోయి చూడండి. అక్కడ ఒక జత ఎడ్లు లాగుతున్నప్పుడు పక్కన పోటీగా ఇంకో జత ఉండదు. ఎవరూ ఎవరినీ దాటరు. అయినా అడుగు అడుగుకీ జనం ఈలలేస్తారు. వాళ్ళకు ఏం చూడాలో తెలుసు కాబట్టి.

అదే ఏడాది మార్చిలో అదే ట్రాకు మీద జరిగిన రేసును మాత్రం చాలామంది ఆకాశానికెత్తారు. ఆ రోజు టైర్లు ఎవరూ ఊహించనంత వేగంగా అరిగిపోయాయి. రబ్బరు ఉండలు ఉండలుగా లేచి ట్రాకంతా పరుచుకుంది. డ్రైవర్లు గట్టిగా తోలితే టైరు పోతుంది, మెల్లగా తోలితే స్థానం పోతుంది. మొదటి స్థానం 54 సార్లు చేతులు మారింది. చిన్న ట్రాకుల చరిత్రలో అంతకుముందెప్పుడూ అన్ని మార్పుల్లేవు. చివరికి డెనీ హామ్లిన్ గెలిచాడు, మార్టిన్ ట్రూయెక్స్ రెండో స్థానంలో వచ్చాడు. లీడర్‌తో సమానంగా అన్ని ల్యాపులూ పూర్తి చేసినవి ఐదే కార్లు. నాకూ ఆ రేసు నచ్చింది. కానీ 54 అన్న అంకె చూసి కాదు. ముందున్నవాడు కావాలనే వేగం తగ్గించుకుని, పోతే పోనీ అని వెనకవాడికి దారి వదిలిన మార్పులు అందులో బోలెడు. టైరును బతికించుకోవడం తెలిసిన పాతకాపులు పైకి తేలారు, అది నచ్చింది. సెప్టెంబరులోనూ టైర్లు అలాగే అరుగుతాయని అందరూ కాచుకుని కూర్చున్నారు. అరగలేదు. ఆ ఆశాభంగం కోపాన్ని తీసుకెళ్ళి లార్సన్ మీద వెళ్ళగక్కారు.

అసలు ఈ మార్పుల లెక్క ఎంత మోసమో తెలియాలంటే టాలడేగా అనే పెద్ద ట్రాకును చూడాలి. మొదటి స్థానం అత్యధికంగా, 88 సార్లు చేతులు మారిన రికార్డు అక్కడిదే. 2010లో ఒకసారి, 2011లో మళ్ళీ. ఆ 2011 రేసులో కార్లు జంటలు జంటలుగా, ఒకటి ముందు, ఇంకొకటి దాన్ని నెట్టుకుంటూ తిరిగాయి. అభిమానులు రికార్డు చూసి మురిసిపోయారా? లేదు, ఇదేం రేసింగ్ అని విసుక్కున్నారు. మరుసటి ఏడాదికి ఆ జంటల్ని విడగొట్టడానికి నిబంధనలే మార్చాల్సి వచ్చింది. ఇప్పటి కార్లతో ఇంకో చోద్యం. డేటోనా, టాలడేగా ట్రాకుల్లో మూడేసి వరుసల్లో కార్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతుంటాయి, టీవీలో చూస్తే గుండె ఆగినంత పనవుతుంది. నిజానికి అప్పుడు డ్రైవర్లలో చాలామంది యాక్సిలరేటర్ సగమే తొక్కి పెట్రోలు మిగుల్చుకుంటుంటారు. తక్కువ పెట్రోలు తాగిన కారు, పెట్రోలు పోసి టైర్లు మార్చే పిట్‌లో తక్కువసేపు ఆగుతుంది, మిగతావాళ్ళకంటే ముందు బయటపడుతుంది. అంటే మనం ఊపిరి బిగబట్టి చూస్తున్నది, వీలైనంత నెమ్మదిగా పోవడానికి పడుతున్న పోటీ.

బ్రిస్టల్ సొంత చరిత్రలోనే దీనికి మించిన సాక్ష్యం ఉంది. 2007లో ఆ ట్రాకును తవ్వి కొత్తగా పోశారు. మలుపుల్లో వాలును లోపలి నుంచి బయటికి పెరిగేలా మార్చారు. దాంతో రెండు మూడు కార్లు పక్కపక్కన పోటీపడే వీలొచ్చింది. అంతకుముందు లోపలి దారి ఒక్కటే దారి, ముందువాణ్ణి దాటాలంటే వెనక బంపర్‌కు ఒక పోటు పొడవాల్సిందే. 1999లో ఆఖరి ల్యాపులో డేల్ ఎర్న్‌హార్ట్ అలాగే టెరీ లబోంటేను తిప్పేసి గెలిచాడు, స్టాండ్లన్నీ బూతులతో, ఈలలతో హోరెత్తాయి. మరి ఓవర్‌టేక్ సులువైతే జనం సంబరపడాలి కదా? చప్పగా ఉందన్నారు! 1982 నుంచి వరుసగా 55 రేసులకు టికెట్లన్నీ అమ్ముడుపోయిన చోట 2010లో ఆ వరుస తెగింది. మాంద్యం దెబ్బ కూడా ఉందనుకోండి, కానీ అభిమానులు వేలు చూపింది మాత్రం కొత్త ట్రాకు వైపే. 2012లో యజమాని బ్రూటన్ స్మిత్, పై వరుసను గీకించి మళ్ళీ ఇరుకు చేయించాడు. కోరుకున్న ఓవర్‌టేకులు చేతికందాక వాటి విలువ పోయింది. దాటలేక వెనకాలే పళ్ళు కొరుక్కుంటూ తిరగడంలోనే అసలు మజా ఉందని తెలిసింది, తెలిసి మళ్ళీ మర్చిపోయారు.

అవతలి వాదనలో బలం లేదని కాదు. టికెట్టు కొని, మోటెల్‌కు కట్టి, పిల్లల్ని వెంటబెట్టుకుని నాలుగు గంటలు కారు నడిపి వచ్చినవాడికి ‘నైపుణ్యం చూడు నాయనా’ అని పాఠం చెబితే ఒళ్ళు మండుతుంది. 2022లో వచ్చిన కొత్త కారు చిన్న ట్రాకుల మీద నిజంగానే వెనకవాడి చేతులు కట్టేసింది. బ్రేకులు మరీ గొప్పవి, టైర్లు వెడల్పు, ఇంజను బలం అప్పట్లో 670 హార్స్‌పవరే. ముందువాడు తప్పు చేస్తే తప్ప దాటలేని రేసును నేనూ సమర్థించను. 2026 నుంచి చిన్న ట్రాకులకు 750కి పెంచడం మంచి పనే. నా గొడవ ఒక్కటే, దాటలేకపోవడం వేరు, దాటగలిగినవాడు లేకపోవడం వేరు. రెంటికీ కలిపి ‘బోరు’ అని ఒకే ముద్ర వేయడం బద్ధకం.

1979 డేటోనా 500 గురించి అందరూ చెబుతారు. మొదటిసారి ఆ రేసు ఆసాంతం టీవీలో లైవ్‌గా వచ్చింది, ఈశాన్య అమెరికా మంచు తుపానుకు ఇళ్ళలో కూర్చుని చూసింది, ఆఖరి ల్యాపులో కేల్ యార్‌బరో, డానీ ఆలిసన్ గుద్దుకున్నారు, వెనక నుంచి వచ్చిన రిచర్డ్ పెటీ గెలిచాడు, గడ్డిలో ముష్టియుద్ధం జరిగింది. అయితే ఆ గుద్దుకోవడానికి ముందు సంగతి ఎవరూ చెప్పరు. ఆ ఇద్దరూ మిగతా అందరినీ ఎంతో వెనక వదిలేసి చాలాసేపు ఒకడి వెనక ఒకడు తిరిగారు. పెటీ దాదాపు అర ల్యాపు దూరంలో ఉన్నాడు. ఈనాటి ఓటింగు అప్పుడుంటే, ఆఖరి ల్యాపుకు ముందే సగంమంది ‘బాగాలేదు’ నొక్కేసి వంటింట్లోకి పోయి ఉండేవారు. ఆ నిశ్శబ్దం లేకుండా ఆ పేలుడు లేదు.

2024లోనే అట్లాంటాలో మూడు కార్లు ఒకే గీత మీద ముగించాయి, డేనియల్ స్వారెజ్ 0.003 సెకను తేడాతో గెలిచాడు. కాన్సస్‌లో ఇదే లార్సన్ 0.001 సెకనుతో గెలిచాడు, నాస్కార్ అగ్రశ్రేణి పోటీ అయిన కప్ సిరీస్ చరిత్రలో అంత దగ్గరి ముగింపు ఇంకోటి లేదు. రెంటికీ నేను కుర్చీలోంచి లేచాను. కానీ అలాంటివి వారం వారం కావాలంటే ఎలా వస్తాయి? తయారు చేయాల్సిందే. నాకు అసలు మంట అక్కడే.

2025 నవంబరులో ఫీనిక్స్ రేసు చూడండి. ఏడాది టైటిల్ మొత్తం ఒక్క రేసు మీద పెట్టిన పద్ధతి: టైటిల్ పోటీలో మిగిలిన నలుగురిలో ఎవడు ముందు ముగిస్తే వాడే ఛాంపియన్. 60 రేసులు గెలిచి, ఒక్క టైటిల్ కూడా లేని హామ్లిన్ 208 ల్యాపులు ముందున్నాడు. ఇంకో మూడు ల్యాపులుండగా, విలియం బైరన్ టైరు పోయి పసుపు జెండా వచ్చింది. హామ్లిన్ నాలుగు టైర్లు మార్చాడు, లార్సన్ రెండే మార్చి అతనికంటే ముందు బయటపడ్డాడు. ఒక్క ల్యాపు కూడా ముందుండకుండా లార్సన్ ఛాంపియన్. నియమాల ప్రకారం అతని తప్పేం లేదు. కానీ గమనించారా, మనిషి ఒక్కడే. 462 ల్యాపులు ముందున్న రాత్రి బోరు, సున్నా ల్యాపులు ముందున్న సాయంత్రం థ్రిల్లర్! చివరికి నాస్కార్‌కే మొహమాటం వేసిందో ఏమో, 2026కు ఆ ఒక్క రేసు ఫైనల్‌ను ఎత్తేసి పది రేసుల పాయింట్లు కలిపే పద్ధతికి తిరిగొచ్చింది.

ఇది కార్ల గొడవ మాత్రమే అనుకుంటే పొరపాటు. మన ఉప్పల్ స్టేడియంలో 2024లో రెండు నెలల తేడాతో రెండు మ్యాచ్‌లు జరిగాయి. మార్చి 27న సన్‌రైజర్స్ 277 కొట్టింది, ముంబయి 246 కొట్టింది, మొత్తం 38 సిక్సర్లు. స్టేడియం ఊగిపోయింది. అంతకు ఇరవై రెండో సిక్సర్ ఎవరు కొట్టారో అక్కడున్నవాళ్ళలో ఒక్కరికైనా గుర్తుందా? జనవరిలో అదే గడ్డ మీద టెస్టు. మొదటి ఇన్నింగ్స్‌లో 190 పరుగులు వెనకబడ్డ ఇంగ్లండ్ జట్టులో ఒలీ పోప్ గంటల తరబడి నిలబడి 196 చేశాడు. రివర్స్ స్వీప్ ఒక్కొక్కటీ మన స్పిన్నర్ల సహనం మీద వేసిన గాటు. తర్వాత టామ్ హార్ట్‌లీ ఏడు వికెట్లు తీశాడు, మనం 28 పరుగులతో ఓడిపోయాం. ఓడిన బాధ ఇంకా ఉంది, ప్రతి సెషనూ గుర్తుంది. అవతల ఐపీఎల్‌లో ‘ఇంపాక్ట్ ప్లేయర్’ పేరుతో ప్రతి జట్టుకూ అదనంగా ఒక ఆటగాణ్ణి అరువిచ్చి పరుగులు ఉత్పత్తి చేస్తున్నారు. నాస్కార్ స్టేజీ జెండాకూ దీనికీ తేడా ఏముంది? ఎవడైనా బాగా ఆడి దూరం పోతున్నాడంటే వెనక్కి లాగి అందరినీ ఒక్కచోటికి చేర్చడమే.

ఈమధ్య తమ్ముడికి ఇవన్నీ చెప్పి, ఆ బ్రిస్టల్ రేసు మళ్ళీ చూడమన్నాను. ఈసారి లార్సన్ కారును కాదు, దానికి సరిగ్గా ముందున్న మూడు కార్లను చూడు అన్నాను. నిన్న రాత్రి మెసేజ్ పెట్టాడు. “రెండొందల ల్యాపుల దాకా చూశానన్నా. ఒకచోట మాత్రం గోడకు తగిలేశాడనుకున్నా. మిగతాది శనివారం.”