కూరకు పనికొచ్చే చిక్కుడు వేసి పరువు తీసుకోకండి

ఈ మధ్య మిద్దె మీద కూరగాయలు పెంచేవాళ్ళలో ఒక ప్రమాదకరమైన ధోరణి కనిపిస్తోంది. కొంతమంది తాము తినే చిక్కుడునే పెంచుకుంటున్నారు. పక్కింటి పిన్నిగారి దగ్గర నాలుగు గింజలు అడిగి తెచ్చుకుని, ఆషాఢంలో ఒక పాత బకెట్టులో పెట్టి, పిట్టగోడకు తాడు కట్టి పాకించి, సంక్రాంతికి వంకాయతో కలిపి కూర వండుకుని, తినేసి పడుకుంటున్నారు. ఫోటో లేదు, రకం పేరు లేదు, గింజ ఏ దేశం నుంచి ఎంత కష్టపడి వచ్చిందో చెప్పే కథ లేదు. దీన్ని ఇలాగే వదిలేస్తే ఇంటితోట అనేది చివరికి కూరగాయల కోసమే అన్న స్థాయికి దిగజారిపోతుందని నా భయం. అందుకే, బాధ్యత గల పౌరుడిగా, చిక్కుడు బీన్స్ జాతుల్లో రకం ఎలా ఎంచుకోవాలో నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను.

ముందుగా, ఇంట్లోవాళ్ళు ఏం తింటారో పొరపాటున కూడా అడగొద్దు. అడిగారంటే "గోరుచిక్కుడు వేయండి, కొబ్బరి కోరు వేసి వేపుడు చేసుకుందాం" అంటారు, అంతటితో మీ తోట భవిష్యత్తు ముగిసినట్టే. రకాన్ని ఎంచుకోవాల్సింది ప్యాకెట్ మీది బొమ్మ చూసి. ఊదారంగు బీన్స్ ఉన్నాయి, పసుపుపచ్చవి ఉన్నాయి, లేత పసుపు మీద ఊదా చారలుండే డ్రాగన్ టంగ్ అనేవి కూడా ఉన్నాయి. చూడటానికి నిజంగా అందంగా ఉంటాయి, కాదనను. చిన్న ఇబ్బందేమిటంటే ఆ ఊదారంగు వేడికి నిలవదు. బాణలిలో వేసి మూత పెట్టిన కాసేపటికి ఎంతో ఖరీదు పెట్టి తెప్పించిన బీన్స్, రైతుబజారు బీన్స్ ఒకే ఆకుపచ్చలో కలిసిపోతాయి, వడ్డించాక ఏది ఏదో పెంచినవాడు కూడా చెప్పలేడు. కాబట్టి తెలివైనవాళ్ళు వాటిని వండరు.

ఈ విషయంలో అమెరికావాళ్ళు మనకంటే ఎప్పుడో ముందుకెళ్ళారు. మన ఊదా చిక్కుడు పాదునే వాళ్ళు పూలతీగగా అమ్ముకుంటారు. వాళ్ళ మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఉన్న మోంటిచెల్లో తోటలో ఇప్పటికీ పందిరి మీదికి దాన్నే పాకిస్తారు, జనం టికెట్టు కొనుక్కుని వెళ్ళి ఆ కాయల కింద నిలబడి ఫోటోలు దిగుతారు. వాటిని తుంచి, ఈనె తీసి, ఆవాలు చిటపటలాడాక బాణలిలో వేయొచ్చన్న ఆలోచన ఒక్కరికీ రాదు. ముదురు గింజల్ని పచ్చిగా తింటే ఒంటికి మంచిది కాదన్న మాట నిజమే, నీళ్ళు మార్చి బాగా ఉడికిస్తే తీరిపోయే ఆ సమస్యకి వాళ్ళు ఏకంగా కూరనే వదులుకున్నారు. మన మిద్దెల మీద కూడా ఆ స్థాయి వైరాగ్యం రావాలి.

ఇక కాలం సంగతి. నాటు పందిరి చిక్కుడుకి ఒక మొండి అలవాటు ఉంది, పగలు కురచబడితే తప్ప పూత వేయదు. హైదరాబాదులో జూన్‌లో పగలు 13 గంటలు దాటుతుంది, డిసెంబరుకి 11 గంటల దగ్గరికి దిగుతుంది, ఈ లెక్కను ఏ యాప్ సాయమూ లేకుండా ఆకులే కట్టుకుంటాయి. ఉగాదికి విత్తినా ఆషాఢంలో విత్తినా సరైన పూత మొదలయ్యేది దసరా అటూ ఇటూగానే. పాతకాలం వాళ్ళకి ఇది తెలుసు గనక వానలు పడ్డాక గింజ పెట్టేవాళ్ళు. మాఘంలో రథసప్తమి వచ్చేసరికి ప్రతి పెరట్లోనూ కాయలుండేవి, వాటికి చీపురుపుల్లలు గుచ్చి రథం చేసి, చిక్కుడాకుల మీద పరమాన్నం నైవేద్యం పెట్టేవాళ్ళు. పండగ చూసి పంట పెట్టారా, పంట చూసి పండగ పెట్టారా అన్నది పండితులకు వదిలేద్దాం.

ఆధునిక తోటమాలి అలా కాదు. ఫిబ్రవరిలో బజారులో లేత చిక్కుళ్ళు చూసి ఉత్సాహం పుట్టి ఆ వారమే విత్తుతాడు. మే నెలకి తీగ వాటర్ ట్యాంకు ఎక్కుతుంది, జూలైకి డిష్ యాంటెన్నాని మింగేస్తుంది, పూత మాత్రం ఉండదు. "తీగ బ్రహ్మాండంగా ఉంది, ఒక్క పువ్వు లేదు, ఏం వేయమంటారు?" అని మిద్దెతోటలవాళ్ళ గ్రూపులో అడుగుతాడు. పుల్లటి మజ్జిగ పోయమని ఒకరు, ఇంగువ నీళ్ళని ఒకరు, ఎప్సమ్ సాల్ట్ అని ఒకరు, అరటితొక్కల నీళ్ళని ఇంకొకరు, చేపల బెల్లం ద్రావణమని మరొకరు. అన్నీ వేస్తాడు పాపం. అక్టోబరు వేయమని మాత్రం ఎవరూ చెప్పరు. చివరికి అక్టోబరు దానంతటదే వస్తుంది, పూతా వస్తుంది, ఆ ఘనత మాత్రం ఆ వారం ఏ ద్రావణం పోశాడో దానికి పోతుంది, మరుసటి ఏడు పదిమందికి అదే మందు.

న్యూజెర్సీలో ఉన్న మనవాళ్ళది ఇంకా కఠినమైన తపస్సు. అక్కడ జూన్‌లో పగలు 15 గంటలు. పాదు వేసవంతా పెరిగి, డెక్కు ఎక్కి, ఫెన్సు దాటి, పక్కింటివాళ్ళు వచ్చి ఇదేం మొక్కని మర్యాదగా అడిగేదాకా వస్తుంది. ఎండాకాలం వెళ్ళిపోతుండగా మొదటి పూత, అక్టోబరులో పిందె, ఆ వెనకే ఒక రాత్రి మంచు కురిసి తెల్లారేసరికి పాదంతా నల్లగా వాడిపోయి ఉంటుంది. అయినా ఏటా అమ్మానాన్నలు బయల్దేరేటప్పుడు "అమ్మా, చిక్కుడు గింజలు మర్చిపోకు" అని ఫోను. పర్మిట్ లేని విత్తనం కనబడితే అక్కడి కస్టమ్స్‌వాళ్ళు తీసి పారేస్తారని తెలిసి కూడా ఆ తల్లి కందిపొడికీ ఆవకాయకీ మధ్య వాటిని సర్దుతుంది. పూయని తీగ కోసం ఇంత చేస్తున్నారంటే ఇది వ్యవసాయం పరిధి దాటి భక్తి అయిపోయిందని అర్థం.

ఈ ఆనందమంతా చెడగొట్టింది బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ. అర్క జయ్, అర్క విజయ్ అని రెండు పొట్టి చిక్కుళ్ళు తయారుచేసి పెట్టారు. పగటి నిడివితో పని లేదు, పందిరి అక్కర్లేదు, గుబురుగా నడుం కిందే ఆగిపోతుంది, ఏ కాలంలో విత్తినా రెండు మూడు నెలల్లో కాయలు. ఇలాంటి మొక్క వల్ల సమాజానికి జరిగే నష్టం ఆలోచించండి. పూత ఎందుకు రాలేదన్న ప్రశ్నే లేకపోతే ఇంగువ నీళ్ళు చెప్పేవాళ్ళంతా ఏమైపోవాలి? ట్యాంకు ఎక్కని తీగ ముందు నిలబడి ఏమని ఫోటో దిగాలి? కుండీలోంచి కాయ కోసుకుని కిందికి దిగి వండుకోవడమేనా బతుకు? (రుచిలో మాత్రం పందిరి చిక్కుడుదే పైచేయి. ఈ ఒక్క వాక్యంలో వ్యంగ్యం లేదు.)

ఫ్రెంచ్ బీన్స్ విషయానికొస్తే, పేరులో ఫ్రాన్స్ ఉన్నా దాని పుట్టిల్లు అమెరికా ఖండాలు. దానికి చల్లదనం కావాలి, బెంగళూరు, మదనపల్లె లాంటి చోట్ల హాయిగా కాస్తుంది, ఎండ 35 డిగ్రీలకి చేరిందంటే పూత రాల్చేసి ఊరుకుంటుంది. మన మైదాన ప్రాంతాల్లో అక్టోబరు, నవంబరుల్లో విత్తితే పొట్టి రకాలు ఏడెనిమిది వారాల్లో కాయలిస్తాయి, అర్క కోమల్ ఉంది, ఈనె తీసే పని లేకుండా అర్క సువిధ ఉంది. ఇదంతా మామూలు మనుషుల వ్యవహారం. విజయవాడలో ఏప్రిల్లో బీన్స్ విత్తేవాడికి వేరే గుండె ఉండాలి. షేడ్ నెట్ కొంటాడు, నీళ్ళు చిమ్మే గొట్టాలు పెట్టిస్తాడు, వీలైతే ఏసీ గాలి కూడా అటు తిప్పుతాడు. రాలిన పూలని ప్రతి పొద్దునా ఊడుస్తున్న భార్య "ఏమండీ, ఆ అలసంద ఏదో వేయకూడదూ, ఎండకి తట్టుకుంటుంది" అంటే ఆవిడకి తోటపని తెలియదంటాడు.

ఆవిడకే తెలుసు. అయితే అలసంద వేసినా పరువు నిలబెట్టుకునే దారి ఒకటుంది, గజం పొడుగు రకం వేయడం. దాన్ని లేతగా కోస్తే మంచి కూర అవుతుంది, కాబట్టి కోయకూడదు. టేపుతో రోజూ కొలవాలి. నిన్నటికంటే రెండు అంగుళాలు పెరిగిందని వదిలేస్తూ పోతే కాయ ఉబ్బి, లోపల డొల్లగా, నమిలితే స్పాంజిలా తయారవుతుంది. అప్పుడు పిల్లాణ్ణి పిలిచి మెడలో దండలా వేసి ఫోటో తీయాలి.

ఎరువు సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. చిక్కుడు జాతి మొక్కల వేళ్ళ మీద చిన్న చిన్న బుడిపెలుంటాయి, వాటిలో రైజోబియం అనే బ్యాక్టీరియా కాపురం ఉండి గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి అందిస్తుంది, ఉచితంగా. ఉచితంగా వచ్చేదాని మీద మనకెప్పుడూ గౌరవం లేదు గనక వారం వారం వర్మీ కంపోస్టు, పైన పిడికెడు యూరియా, ఆపైన ఆవపిండి నీళ్ళు. ఇన్ని దొరుకుతుంటే బ్యాక్టీరియా పని మానేసి కూర్చుంటుంది, మొక్కేమో కాయలు వేసే అవసరం మర్చిపోయి ఆకుల మీద ఆకులు వేస్తుంది. ఆ లేత ఆకులకి పేనుబంక వస్తుంది. పేనుబంక వదిలే తీపి రసం కోసం చీమలు వస్తాయి, వచ్చి దాన్ని తినేసే పురుగుల్ని తరిమేస్తూ కంటికి రెప్పలా కాపలా కాస్తాయి. ఇంతా చేసి మన మిద్దె మీద ఏదైనా ఒకటి విజయవంతంగా సాగుతోందంటే అది చీమల పశుపోషణే, దాని మీద మనం వేపనూనె, సబ్బునీళ్ళు కొట్టి వాటి పాడి పాడుచేస్తున్నాం.

గోరుచిక్కుడు మాట ఎత్తకుండా ఉందామనుకున్నాను గానీ కుదరదు. రాయలసీమలో మటిక్కాయ, తెలంగాణలో గోకరకాయ, ఎక్కడైనా ఒకటే బతుకు, ఎవరూ ఫోటో తీయరు. ఎండకి బెదరదు, పందిరి అడగదు, పూసా నవ్‌బహార్ లాంటి రకమైతే కొమ్మలు కూడా లేకుండా ఒకే కాండం నిటారుగా లేచి కింది నుంచి పై దాకా గుత్తులు గుత్తులుగా కాస్తుంది. దీని గింజల జిగురు అమెరికాలో రాతిపొరల్లోంచి చమురు, గ్యాస్ తీసే షేల్ బావుల తవ్వకానికి కావాల్సి వచ్చి, ధర ఎంత పిచ్చిగా పెరిగిందంటే 2012లో మన దేశంలో గోరుచిక్కుడు ఫ్యూచర్స్ ట్రేడింగే, అంటే రాబోయే నెలల సరుకుకి ముందే ధర కట్టే బేరమే, ఆపేయాల్సి వచ్చింది. రాజస్థాన్ రైతు ఇంటికి ఆ ఏడు డబ్బు తెచ్చిన కాయ అది. మన కుండీల సంఘంలో మాత్రం దానికి సభ్యత్వం లేదు, ఎందుకంటే ఆకుపచ్చగా, గరుగ్గా, వేలెడంత ఉంటుంది, పేరులో ఏ దేశమూ లేదు.

అసలైన హోదా పెంచిన రకాల్లో ఉండదు, దాచిన రకాల్లో ఉంటుంది. తమ్మచిక్కుడు, రెక్కల చిక్కుడు, ఎర్ర అంచుది, తెల్లది, గుత్తిది, చిన్న చిన్న జిప్ కవర్ల మీద పేరూ తేదీ రాసి ఫ్రిజ్ తలుపులో నిమ్మకాయల పక్కన వరసగా పెట్టుకోవాలి. నిజానికి చిక్కుడు, బీన్స్, అలసంద ఎక్కువగా ఏ పువ్వులో ఆ పువ్వే పరాగసంపర్కం చేసుకునే జాతులు, ఒకసారి మంచి గింజ దొరికితే నాలుగు కాయలు చెట్టునే ఎండనిచ్చి దాచుకుంటే చాలు, వచ్చే ఏడు దాదాపు అదే కాయ, మళ్ళీ కొనే పని లేదు. ఈ రహస్యం బయటికి పొక్కకూడదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా రైతులు దశాబ్దాలుగా పాత పంటల విత్తనాన్ని బుట్టల్లో బూడిద, వేపాకు వేసి దాస్తున్నారు, అడిగినవాళ్ళకి ఇస్తున్నారు, 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ కూడా వాళ్ళని వెతుక్కుంటూ వచ్చింది. అంతటివాళ్ళు కూడా ఆ గింజల్ని ప్రతి ఏడూ తీసి నేలలో చల్లేస్తున్నారు, అదొక్కటే నాకు మింగుడుపడని విషయం. నేలలో వేస్తే గింజ ఉండదు కదా. ఫ్రిజ్‌లో అయితే మొలకెత్తే శక్తి పోయాక కూడా కవరు అలాగే ఉంటుంది, పేరు స్పష్టంగా కనబడుతుంది.

ఇంత చెప్పినా వినకుండా నాటు చిక్కుడే పెట్టిన మొండివాళ్ళకి జనవరి, ఫిబ్రవరిల్లో శిక్ష తప్పదు. ఒక్క పాదు సరిగ్గా పట్టిందంటే అది ఇంటికి సరిపడా కాయదు, వాడకి సరిపడా కాస్తుంది. పొద్దున గిన్నెడు కోస్తే రెండు రోజులకి బుట్టెడు తేలుతాయి. టమాటాతో ఒకరోజు, వంకాయతో ఒకరోజు, అల్లం పచ్చిమిర్చితో ఒకరోజు, నిల్వపచ్చడి రెండు సీసాలు, ఆ తర్వాత పంచిపెట్టడం మొదలవుతుంది. మొదటి వారం "అయ్యో, మీకుంచుకోకుండా ఎందుకండీ" అన్నవాళ్ళే మూడో వారానికి "మొన్నటివే ఉన్నాయండీ" అంటారు, నాలుగో వారం కాలింగ్ బెల్ కొడితే లోపల టీవీ శబ్దం తగ్గుతుంది. లిఫ్టులో చేతిసంచీతో కనబడ్డ మనిషిని చూసి జనం మెట్లెక్కి పోతున్నారు. దీని మీద అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు వెంటనే తీర్మానం చేయాలి, పాదుకి ఇన్ని ఇళ్ళు అని కోటా పెట్టాలి, తలుపు గడియకి కవరు తగిలించి పారిపోయేవాళ్ళని సీసీ కెమెరాలో గుర్తించి జరిమానా వేయాలి. ఒకచోట మూడో అంతస్తువాళ్ళు అప్పుడే తలుపుకి కాగితం అంటించారట, "పార్సిళ్ళు ఇక్కడ పెట్టండి. చిక్కుళ్ళు పై అంతస్తులో ఇవ్వండి" అని. పై అంతస్తు అంటే మిద్దే.